నీళ్ల ముల్లు చెప్పని వేడి

జనవరిలో ఆదివారం పొద్దున మాసాయిపేట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడితే స్పోర్ట్స్ కార్లు వరుసగా పోవడం కనిపిస్తుంది. కొంపల్లి, మేడ్చల్ దాటి, తూప్రాన్ టోల్ గేటు దగ్గర కాసేపు ఆగి, కామారెడ్డి దిక్కు సాగే హైదరాబాదు బండ్లవి. ఎండ ముదిరేలోపు ఒక చుట్టు చుట్టి, ఎక్కడో టిఫిన్ చేసి వెనక్కి మళ్లుతాయి. అదే సమయానికి రహదారి దిగి ఎల్దుర్తి వైపు వస్తే హల్దీ వాగు పక్క పొలాల్లో యాసంగి నాట్ల కోసం కరిగెట దున్నుతున్న ట్రాక్టర్లు. కేజ్ వీల్స్ బురదలో సగం మునిగి, ఇంజన్ మూలుగుతూ, మనిషి నడకతో పోటీపడుతూ కదులుతుంటాయి.

ఈ రెంటిలో దేని ఇంజనాయిల్ ఎక్కువ కాగుతోందని అడిగితే ఎవరైనా రహదారి వైపే వేలు చూపిస్తారు. లెక్క వేస్తే వేలు తిప్పుకోవాల్సి వస్తుంది. ఐదు వందల హార్స్ పవర్ కారు గంటకు వంద కిలోమీటర్ల మీద సమంగా పోతున్నప్పుడు దానికి కావాల్సింది ఇరవై, ఇరవై ఐదు హార్స్ పవర్ మాత్రమే. అంటే తన బలంలో ఇరవయ్యో వంతు. పైగా ముందు నుంచి ఈదర గాలి కొడుతూనే ఉంటుంది. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు చట్టం ఒప్పుకునే వేగం కూడా ఆ వందే. కరిగెటలో ఉన్న నలభై ఐదు హార్స్ పవర్ ట్రాక్టరు తన బలమంతా దాదాపు ఊడ్చి వాడుతుంది, అదీ గంటల తరబడి. దానికి గాలి అంటే సొంత ఫ్యాను విసిరేదే. కష్టపడుతున్న ఇంజన్ పొలంలో ఉంది.

స్పోర్ట్స్ కారు ఆయిల్ గురించి రాయడానికి ఎల్దుర్తి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఇదే. ఆయిల్ ఎంత కాగుతుందో మీటరులోని వేగం తేల్చదు. ఇంజన్ మీద పడ్డ బరువు, దానికి తగిలే గాలి, ఆ బరువు ఎంతసేపు మోసింది అన్న మూడు లెక్కలు తేలుస్తాయి. కోట్లు పోసి కారు కొన్న వాళ్లలో చాలామందికి ఈ సంగతి పట్టదు. ట్రాక్టరు నడిపే వాళ్లకు పట్టకుండా కుదరదు.

మా ప్రాంతపు ట్రాక్టరు షెడ్డుల్లో మెకానిక్కు ఇంజన్ దగ్గరికి రాగానే చేసే మొదటి పని చూడండి. గేజీ పుల్ల లాగుతాడు. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి లాగుతాడు. మట్టం ఎంతుందో ఓ చూపు చూసి, పుల్ల కొసన ఉన్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తాడు. వేళ్లు విడదీసి తీగ సాగుతోందా లేదా చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. డీజిలు వాసన వస్తే ఒక రోగం, మాడిన వాసన వస్తే ఇంకో రోగం. ‘పల్చవడ్డదన్నా’ అన్నాడంటే యజమాని గుండె జారుతుంది. ఎందుకంటే ఆ తర్వాత వచ్చే మాటలు బేరింగు పట్టేయడం, ఇంజన్ బోరుకు రావడం. నిజానికి ఇంజనాయిల్ శాస్త్రం సగం ఆ రెండు వేళ్ల మధ్యే ఉంది. మిగతా సగానికి మాత్రం థర్మామీటరు కావాలి.

నీళ్లు పోలేని చోట్లు

పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడో వంతు సైలెన్సరు గుండా గాల్లో కలుస్తుంది. మిగిలింది ఇంజన్ లోహంలోకి దిగుతుంది. దాన్ని బయటికి మోసుకుపోవాల్సింది రేడియేటరు నీళ్లు, ఇంజనాయిల్. నీళ్లు సిలిండర్ల చుట్టూ, హెడ్డులోని దారుల్లో తిరుగుతాయి. పిస్టన్ అడుగుకూ, క్రాంకు బేరింగుల్లోకీ నీళ్లు పోలేవు. అక్కడికి పోయేది ఆయిల్ ఒక్కటే. పిస్టన్ తల 250 నుంచి 300 డిగ్రీల దాకా కాగుతుంది. బలమైన ఇంజన్లలో ప్రతి పిస్టన్ కిందా ఒక చిన్న ముక్కు ఉంటుంది. కాలుతున్న పెనం మీద నీళ్లు చిలకరించినట్టు అది పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది. ఆ వేడి అంతా మోసుకుని ఆయిల్ ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌లోకి జారుతుంది.

పనిమంతురాలే గానీ, వేడి మోయడంలో ఆయిల్ నీళ్లంత గట్టిది కాదు. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ పెంచే వేడి అంతే బరువున్న ఆయిల్‌ను సుమారు రెండు డిగ్రీలు పెంచుతుంది. వేడి దాని గుండా పాకే వేగం నీళ్లలో పాకేదానికి నాలుగో వంతు. అయినా ఇంజన్‌లో అది ఆలస్యంగా కాగుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. పొద్దున్నే బండి తీస్తే నీళ్లు నాలుగైదు నిమిషాల్లో వేడెక్కుతాయి. ఆయిల్‌కు పది, పదిహేను నిమిషాలు పడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద మనకు కనిపించే ముల్లు నీళ్లది. ఇప్పటి కార్లు చాలావాటిలో ఆ ముల్లుకు నిజాయితీ తక్కువ. నీళ్లు డెబ్బై ఐదు దాటాక నూట ఐదు దాకా ఎక్కడున్నా నడుమనే నిలబడేలా కంప్యూటరు దాన్ని కట్టిపడేస్తుంది. ముల్లు అటూ ఇటూ కదిలితే కొన్నవాడు కంగారు పడి షోరూముకు ఫోన్ చేస్తాడని తయారీదారుల భయం. ఇంటి బండికి అది చాలు. స్పోర్ట్స్ కారులో నీళ్ల ముల్లు నడుమ కునుకు తీస్తుండగానే ఆయిల్ 130 దాటిపోవచ్చు. మీ కారులో ఆయిల్ డిగ్రీలు చూపే పేజీ ఉంటే, పాటలు చూపే పేజీ మానేసి దాన్ని పెట్టుకోండి. అది చెప్పేది కూడా సెన్సారు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుందని గుర్తుంచుకోండి. చాంబర్‌లో పెట్టిన సెన్సారు, ఆయిల్ కూలరు దాటాక పెట్టిన సెన్సారు ఒకే క్షణంలో వేరువేరు అంకెలు చూపిస్తాయి. బేరింగులో నలుగుతున్న ఆయిల్ ఈ రెంటికన్నా వేడిగా ఉంటుంది. ఇంకొకరి కారు అంకెతో మన అంకెను పోల్చుకుని కుంగిపోవడం, పొంగిపోవడం రెండూ దండగే.

డబ్బా మీది అంకెల అసలు లెక్క

ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 5డబ్ల్యూ అయితే సున్నాకు దిగువ 30 డిగ్రీల దగ్గర ఇంజన్‌ను తిప్పనిస్తుందా అని పరీక్షిస్తారు. ఎల్దుర్తికి ఆ చలి ఎన్నడూ రాదు. వెనకనున్న 40 వంద డిగ్రీల దగ్గరి చిక్కదనం. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పట్టికలో 40 గ్రేడు అంటే వంద డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. 30 గ్రేడుకు అది 9.3 నుంచి 12.5. మరో పరీక్ష 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగినంత గట్టిగా నలుపుతూ చేస్తారు. స్పోర్ట్స్ కారు యజమాని చూడాల్సింది నిజానికి ఆ అంకె. డబ్బా మీద మాత్రం అది కనపడదు, కంపెనీ సాంకేతిక పత్రంలో ఉంటుంది.

ఒక మామూలు 5డబ్ల్యూ-40 ఆయిల్ వంద డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోకులు ఉందనుకోండి. 130 దగ్గరికి వచ్చేసరికి అది సగానికి పైచిలుకు మాత్రమే మిగులుతుంది. అంటే వంద దగ్గర 20 గ్రేడు ఆయిల్ ఎంత పలచనో అంత పలచన. మనం పోసింది 40, బేరింగుకు అందుతున్నది 20. బేరింగుకూ క్రాంకుకూ మధ్య పరుచుకునే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందం, బరువు పడ్డచోట అంతకన్నా సన్నం. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల లెక్క. ఆ పొర చిరిగిందా, లోహం లోహాన్ని తాకుతుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు ఈ కథను ముందే చెబుతుంది. వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్‌ఐ ఉండాలన్నది పాత రేసు మెకానిక్కుల మోటు లెక్క. మునుపటి ల్యాపులో ఉన్న ఆర్‌పీఎం దగ్గరే ఈ ల్యాపులో ప్రెషర్ తగ్గిందంటే ఆయిల్ కాగి పలచబడిందని అర్థం.

రెండో నష్టం నెమ్మదిగా వస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. 100 దగ్గర పదివేల కిలోమీటర్లు నమ్మకంగా నడిచిన ఆయిల్ 130 దగ్గర ఎనిమిది రెట్ల తొందరగా ముసలిదవుతుందన్నమాట. ఖనిజ నూనెతో చేసిన పాత రకం ఆయిల్ 120 దాటితే ఇబ్బంది పడుతుంది. మంచి సింథటిక్ కాసేపటికి 140ని కూడా ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు.

ఎండ ఉంటే బండి వేడెక్కినట్టేనా

మన వైపు ఒక మొండి నమ్మకం ఉంది. ‘మనకు చలెక్కడిది, బండి తీయగానే తొక్కొచ్చు’ అని. మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల నీడలో నిలిపిన కారులో కూడా ఆ 5డబ్ల్యూ-40 ఆయిల్ వంద డిగ్రీల దగ్గరి కన్నా ఆరింతలు చిక్కగా ఉంటుంది. జనవరి పొద్దున అయితే పదింతలు ఎప్పుడో దాటిపోతుంది. అంత చిక్కటి ఆయిల్‌ను సన్నటి సందుల గుండా పంపు నెట్టలేక ఫిల్టరు దగ్గరి పక్కదారి వాల్వు తెరుచుకుంటుంది. ప్రెషర్ ముల్లు ఆకాశంలో ఉంటుంది, అందాల్సిన చోటికి అందేది తక్కువ. ఇంజన్ అరుగుదలలో పెద్ద వాటా ఈ మొదటి నిమిషాలదే.

బీఎండబ్ల్యూ 1998లో తెచ్చిన ఎం5 కారులో ఆర్‌పీఎం మీటరు చుట్టూ చిన్న లైట్లు పెట్టింది. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎర్రగీత కిందికే ఉంటుంది. ఆయిల్ కాగే కొద్దీ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతూ గీత పైకి జరుగుతుంది. యజమానికి ఉపన్యాసం లేకుండా ఓపిక నేర్పే పరికరం అది. అలాంటివి అన్ని కార్లలో ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫార్ములా వన్ ఇంజన్లయితే చల్లగా ఉన్నప్పుడు తీయనే తీయరు. సందులు అంత బిగువుగా ఉంటాయి కాబట్టి బయటి హీటరుతో నీళ్లనూ ఆయిల్‌నూ ముందే కాచి ఇంజన్‌లోకి తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేస్తారు.

చల్లటి ఆయిల్‌కు ఇంకో తెగులు నీళ్లు. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయి. ఆవిరిగా చాలావరకు బయటికి పోయినా, కొంత పిస్టన్ రింగుల సందు నుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ వంద దగ్గరికి చేరితేనే అది ఎగిరిపోతుంది. జూబ్లీహిల్స్ నుంచి బంజారాహిల్స్ దాకా కాఫీకి పోయి వచ్చే కారులో ఆయిల్ ఏనాడూ ఆ గీత చేరదు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల లేత గోధుమ రంగు జిడ్డు కనిపిస్తుంది. అలాంటి బండికి మాసాయిపేట దాకా ఒక ఆదివారం ప్రయాణం మందు లాంటిదే. అరగంట సమంగా వంద మీద నడిపితే ఆయిల్ 90, 100 మధ్య స్థిరపడి తడి అంతా ఆరిపోతుంది. ఖరీదైన కారుకు చేయగల అతి చవకైన సర్వీసు అది.

ఇరవై నాలుగు డిగ్రీల తేడా

ఇక ఎండాకాలం. కూలరు ఎంత వేడి వదులుతుందన్నది ఆయిల్‌కూ బయటి గాలికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆయిల్ 120 దగ్గర ఉంది, బయట జర్మనీలో 20 డిగ్రీలు. తేడా వంద. అదే కారు అదే పనిని మెదక్ జిల్లాలో 44 డిగ్రీల మే మధ్యాహ్నం చేస్తే తేడా 76. ఒక్క దెబ్బకు కూలరు బలంలో నాలుగో వంతు పోయింది. అదే వేడి బయటికి పోవాలంటే ఆయిల్ 144కు ఎక్కాలి. పైగా తారు దగ్గరి గాలి వాతావరణ శాఖ చెప్పే గాలి కన్నా వేడి. రేడియేటరు ముందు ఏసీ కండెన్సరు ఉంటే ముందే వెచ్చబడ్డ గాలి దానికి అందుతుంది. ఐరోపాలో పుట్టిన కారును వేడి దేశాల్లో పరీక్షించకుండా అమ్మరు గానీ, ఆ పరీక్షలు రోడ్డు మీది పనికి. రేసు ట్రాకు మీద పూర్తిగా తొక్కే పనికి అక్కడ మిగిలే వెసులుబాటు ఇక్కడ మిగలదు.

మన రోడ్ల మీద అసలు చిక్కు వేగంలో లేదు, వేగం తర్వాత వచ్చే ఆగడంలో ఉంది. రహదారి మీద సాఫీగా వచ్చిన బండి మేడ్చల్, కొంపల్లి, సుచిత్ర దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. నీళ్ల రేడియేటరుకు ఫ్యాను ఉంటుంది. ఆయిల్ కూలరుకు చాలా కార్లలో అది ఉండదు. చక్రాల పక్క బంపరు సందులో కూర్చుని కారు కదిలితేనే గాలి పీల్చుకుంటుంది. కారు ఆగితే దానికి ఊపిరాడదు. కాగిన ఆయిల్, అడుగంటిన ఆర్‌పీఎం, పడిపోయిన ప్రెషర్. మూడూ ఒకేచోట కలుస్తాయి. అలాంటప్పుడు ఏసీ ఆపి క్యాబిన్ హీటరు పెట్టుకోవడం పాతకాలపు చిట్కా. హీటరు కూడా ఒక బుల్లి రేడియేటరే కాబట్టి పని చేస్తుంది. మే నెలలో లోపల కూర్చున్నవాళ్ల సంగతి మాత్రం నేను పూచీ పడను.

మలుపులో ఎక్కడికి పోతుంది

తెలుగు రాష్ట్రాల్లో స్పోర్ట్స్ కారును మనసారా తొక్కాలనుకునే వాళ్లు ఏళ్లుగా తమిళనాడు దారే పట్టారు. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 3.7 కిలోమీటర్ల ట్రాకు తెరిచింది. కోయంబత్తూరు శివారులో చెట్టిపాళెం దగ్గర 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. దాని పేరులోని ‘కరి’ అంటే ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం ఆయనది, తరాల కిందట కొంగునాట స్థిరపడిన తెలుగు నాయుళ్ల వంశం. దిగుమతి రేసు కార్లు కొనలేని కుర్రాళ్ల కోసం 1980ల చివర మారుతి 800 ఇంజన్‌తో ఒకే సీటు రేసు కారు తయారు చేసి, ఫార్ములా మారుతిగా దేశానికి ఇచ్చాడు. రేసర్ నారాయణ్ కార్తికేయన్ తరం ఆ కార్లలోనే ఓనమాలు దిద్దింది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. మన పత్రికలు ఆయన్ను మనవాడిగా తలుచుకున్నది తక్కువ.

ట్రాకు మీద వేడికి తోడు ఇంకో కష్టం వస్తుంది. మలుపులో కారు మీద పడే పక్కతోపు భూమ్యాకర్షణతో సమానమైతే చాంబర్‌లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. మంచి టైర్లున్న స్పోర్ట్స్ కారు ఆ తోపును తేలిగ్గా పుట్టిస్తుంది. ఆయిల్ అంతా ఒక గోడకు ఎగబాకితే పంపు గొట్టం గాలి పీలుస్తుంది. పొడుగాటి మలుపు చాలు, బేరింగులు ఎండిపోవడానికి. ఆయిల్ 130 దగ్గర పలచగా ఉంటే గోడ ఎక్కడం ఇంకా తేలిక, తిరిగి కిందికి వచ్చే దారిలో నురగ కట్టడమూ ఎక్కువ. వేడిని అదుపులో పెట్టడమంటే ప్రెషర్‌ను కాపాడుకోవడం కూడా.

హైదరాబాదు కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016, 2017ల్లో యూరో జేకే టైటిళ్లు గెలిచిన ఫార్ములా బీఎండబ్ల్యూ కారులో ఉన్నది మోటారు సైకిల్ ఇంజన్, 1,200 సీసీ, 140 హార్స్ పవర్. 2022లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్‌లో పరుగెత్తిన వుల్ఫ్ కార్లలోనూ ఎప్రిలియా బైకు ఇంజనే. బైకు మలుపులో తానే ఒరుగుతుంది కాబట్టి ఆయిల్ చాంబర్ అడుగునే ఉండిపోతుంది. అదే ఇంజన్‌ను కారులో బిగిస్తే ఒరగడం ఉండదు, ఆయిల్ పక్కకు పరుగెడుతుంది. బైకు ఇంజన్‌ను కారుకు తెచ్చే ఇంజనీరు మొదట తలపట్టుకునేది ఇక్కడే. అడ్డుగోడలు, తలుపుల్లా మూసుకునే రేకులు పెడతారు. అవి చాలకపోతే డ్రై సంపు. ఇందులో ఆయిల్ ఇంజన్ కింద నిలవదు. పంపులు పీల్చి పక్కనున్న నిలువు ట్యాంకుకు పంపుతాయి, అక్కడ నురగ విడిపోయాక ఇంజన్‌కు తిరిగి వస్తుంది. ఆయిల్ ఎక్కువ పట్టడం వల్ల కాగడమూ నిదానిస్తుంది.

ఈ విద్యను రోడ్డు మీదికి తెచ్చి దశాబ్దాలు నడిపింది పోర్షే. 1964 నుంచి 1998 దాకా వచ్చిన 911 కార్లను గాలితో చల్లబడే ఇంజన్లని అంటారు గానీ, ఆయిల్‌తో చల్లబడేవి అనడమే న్యాయం. నీళ్లే లేవు. డ్రై సంపులో పది లీటర్లకు అటూ ఇటూ ఆయిల్, బలం పెరిగిన మోడళ్లకు ముందు చక్రం పక్కన అదనంగా ఒక కూలరు. మన చిన్న కార్లు మూడు, నాలుగు లీటర్లతో సర్దుకుంటాయి. బుగాటీ వేరాన్ అయితే వెయ్యి హార్స్ పవర్‌ను భరించడానికి మొత్తం పది రేడియేటర్లు మోసింది. అంత హంగు ఎందుకని నవ్వుకోవచ్చు. వెయ్యి హార్స్ పవర్ చక్రాలకు పంపే ఇంజన్ దానికి రెండింతల వేడిని వేరే దారుల్లో వదిలించుకోవాలి.

కూలరు పెట్టాలా, చిక్కటి ఆయిల్ పోయాలా

మోజు ఉన్న ప్రతి యజమాని ఎప్పుడో ఒకప్పుడు బయటి ఆయిల్ కూలరు బిగించుకుందామనుకుంటాడు. ట్రాకుకు పోని కారుకు అది అక్కరలేదని నా అభిప్రాయం. పోయే కారుకు పెడితే థర్మోస్టాట్ ఉన్నదే పెట్టాలి. ఆయిల్ 80, 90 దగ్గరికి వచ్చాకే అది కూలరు దారి తెరవాలి. థర్మోస్టాట్ లేని కూలరు జనవరి రహదారి మీద ఆయిల్‌ను 70 దగ్గరే కట్టేస్తుంది. ఇందాక చెప్పిన తడి అంతా లోపలే ఉండిపోతుంది. గొట్టాల అతుకులు, క్లిప్పులు ఎక్కువైన కొద్దీ కారే చోట్లూ ఎక్కువవుతాయి. ప్రెషర్ మీదున్న ఆయిల్ గొట్టం ఊడితే ఇంజన్ ఖాళీ కావడానికి నిమిషం పట్టదు, ఎగ్జాస్టు మీద పడితే మంటలే. కొత్త కార్లలో కంపెనీవాళ్లు చాలామంది ఆయిల్, నీళ్లు పక్కపక్క పొరల్లో పారే వినిమయ యంత్రం పెడుతున్నారు. పొద్దున నీళ్లు ఆయిల్‌ను కాచి పెడతాయి, పరుగు మీద నీళ్లే దాన్ని చల్లారుస్తాయి. చూడ్డానికి ఏమీ ఉండదు, పని గొప్పగా చేస్తుంది.

ఎండలు ఎక్కువని 20డబ్ల్యూ-50 పోయించే అలవాటు ఇంకా ఉంది. మరీ చిక్కటి ఆయిల్ తనలో తాను రాసుకునే రాపిడితోనే అదనపు వేడి పుట్టిస్తుంది, కూలరు గుండా నెమ్మదిగా పారుతుంది. యజమాని పుస్తకంలో ఉన్న గ్రేడు, ఆమోదపు నంబరు చూసి పోయడమే సరైన పని. ట్రాకుకు పోయేటప్పుడు ఒక మెట్టు పైగ్రేడుకు ఆ పుస్తకం ఒప్పుకుంటే పోయొచ్చు.

అంకెలు కావాలంటే నేను నమ్మే గీతలివి. 80 వచ్చేదాకా సగం ఆర్‌పీఎం దాటించకూడదు. 90 నుంచి 115 దాకా నిశ్చింత. 120 దాటితే కన్ను ముల్లు మీద. 130 చూశారా, ఆ ల్యాపు వదిలేసి, పై గేరులో తక్కువ ఆర్‌పీఎంతో గాలి తగిలేలా నెమ్మదిగా తిరగాలి. 140 దగ్గర ట్రాకు దిగిపోవాలి. పుస్తకం వేరే చెబితే పుస్తకానిదే మాట.

ట్రాకు దిగాక వెంటనే తాళం తిప్పేయడం ఇంకో తప్పు. టర్బో గుండా పోయే పొగ తొమ్మిది వందల డిగ్రీలు దాటుతుంది, దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగి ఉంటుంది. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది. ఇరుసు దగ్గర చిక్కుకున్న చుక్క మాడి బొగ్గవుతుంది. ఇప్పటి కార్లలో తాళం తీశాక కూడా నీళ్లు తిప్పే చిన్న కరెంటు పంపు ఉండటం వల్ల ముప్పు తగ్గింది. అయినా ఆఖరి ల్యాపు చల్లారే ల్యాపుగా ఉంచుకుంటే ఏ పంపు దయా అక్కరలేదు. రహదారి మీది టిఫిన్ ప్రయాణానికి ఇంత తతంగం వద్దు. హోటలు ముందు పార్కింగ్ వెతుక్కునే నిమిషమే సరిపోతుంది.

ఇంజనే లేని కార్లొస్తే ఈ బాధలన్నీ పోతాయనుకునే వాళ్లకు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు ఎన్టీఆర్ మార్గ్‌లో జరిగిన ఫార్ములా ఇ రేసు గుర్తు చేయాలి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రోజు కార్లలో ఇంజనాయిల్ చుక్క లేదు. బ్యాటరీ డిగ్రీల లెక్క మాత్రం ప్రతి జట్టూ చూసుకోవాల్సిందే. కాగే వస్తువు మారింది, కాపలా అలాగే ఉంది.

చివరిగా మట్టం సంగతి. ట్రాక్టరు గేజీ పుల్లను పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తారు. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి అదే సరి. ఆ అలవాటుతో గాలితో చల్లబడే పాత 911 పుల్ల లాగితే మట్టం అడుగున కనిపిస్తుంది, ఒక్కోసారి కనపడదు కూడా. ఆయిల్ అయిపోయిందనుకుని రెండు లీటర్లు పోసేస్తారు. ఆ కారులో ఆయిల్ బాగా కాగాక, సమతలం మీద నిలిపి, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. ఎక్కువ పోసిన ఆయిల్ పొంగి గాలి గొట్టం గుండా ఇంజన్‌లోకి పోయి నీలం పొగ కక్కిస్తుంది. మామూలు చాంబర్ ఉన్న కారులో అయితే గేజీ పైగీత దాటిన ఆయిల్ తిరిగే క్రాంకుకు తగులుతుంది. క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి చేరుతుంది, ప్రెషర్ ఊగుతుంది, ఆ చిలుకుడుకే ఆయిల్ ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది.